అయ్యగారు అడిగారు, నేను చెప్పాను

పెళ్లి ఆగిపోవడానికి శత్రువులు అక్కర్లేదు. పేపరు చదివే స్నేహితుడు ఒక్కడుంటే చాలు. ఎనభైల చివర్లో రేపల్లెలో నేనది దగ్గరుండి నిరూపించినంత పని చేశాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నా వీపు విమానం మోత మోగకపోవడం కేవలం అదృష్టం.

అప్పట్లో తెనాలిలో నాకు ఉద్యోగం లేదు గానీ, అభిప్రాయాలకేం కొదవ లేదు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు పట్టుకున్నానంటే ఢిల్లీ మంత్రివర్గం దగ్గర్నుంచి మా వీధి కుళాయి దాకా, క్రికెట్ జట్టులో ఎవర్ని పీకెయ్యాలన్న దగ్గర్నుంచి రేపల్లె పాసింజరు ఎందుకు లేటవుతోందన్న దాకా అన్నీ తేల్చిగాని లేచేవాణ్ణి కాదు. ఎవరూ అడిగేవారు కాదనుకోండి. టీ కొట్టు బాబాయి అయితే నన్ను చూడగానే రేడియో గొంతు పెంచేవాడు.

బాపట్లలో నాతో చదువుకున్న ప్రభుదాసుకి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు సుగుణది రేపల్లె. రోహిణీ కార్తెలో, మిట్టమధ్యాహ్నం, చర్చిలో పెళ్లి. నేను అంతకుముందు చర్చి పెళ్లి చూడలేదు. ముందురోజు వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒరేయ్, మా మామగారు పట్టింపు మనిషిరా. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. రేపొక్కరోజు నోరు మూసుకో."

"నేనేం మాట్లాడతానురా?"

"ఏం మాట్లాడవో చెప్పు! మా తాతయ్య జ్ఞాపకార్థ కూడికకొచ్చి ఎరువుల ధరల మీద గంట క్లాసు పీకావు."

"సరే. ఎవరన్నా అడిగితే తప్ప నోరు విప్పను. ఒట్టు."

ఆ ఒట్టే కొంప ముంచింది.

చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం రావట్లేదు. ప్రభుదాసు ముదురు రంగు ఉన్ని కోటు తొడుక్కుని, మెడకి టై బిగించుకుని, కుక్కర్లో పెట్టిన ఇడ్లీలా ఉడుకుతున్నాడు. చూస్తున్న నాకే ఒళ్లు మండిపోయింది. అప్పుడు అయ్యగారు, అంటే వాళ్ల పాస్టరుగారు, పుస్తకం చూసి చదువుతూ, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పమన్నారు. లేకపోతే ఇక ఎప్పటికీ మాట్లాడొద్దన్నారు. అని, కళ్లజోడు పైనుంచి సరిగ్గా నావైపే చూశారు.

విన్నారా? అడిగారు! నా జన్మలో మొదటిసారి ఒక పెద్దమనిషి, అదీ మైకులో, నా అభిప్రాయం అడిగారు. పైగా ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ నోరెత్తకూడదట. మీరైతే ఊరుకుంటారా? లేచాను.

"నాకుందండి."

చర్చి మొత్తం ఒక్కసారి వెనక్కి తిరిగింది. అయ్యగారు పుస్తకంలో ముందు పేజీ తిప్పారు, వెనక పేజీ తిప్పారు. పాపం, ఆయన సర్వీసులో ఈ ప్రశ్నకి జవాబొచ్చినట్టు లేదు.

"ఎవరు బాబూ నువ్వు?"

"పెళ్లికొడుకు స్నేహితుణ్ణండి. తెనాలండి."

"ఇంకేముందమ్మా, తెనాల్లో ఇంకో పెళ్లాం ఉన్నట్టుంది!" అని నా వెనక కూర్చున్న పిన్నిగారు తేల్చేశారు. నాకంటే వేగంగా అభిప్రాయం ఏర్పరచుకోగల మనిషి ఈ భూమ్మీద ఉందని నాకప్పుడే తెలిసింది.

పెళ్లికూతురి తండ్రి మాస్టారు లేచారు. "ఏంటయ్యా నీ అభ్యంతరం? చెప్పు!"

ఒక్క ముక్కలో చెప్పి కూర్చోవచ్చుగా? పేపరు చదివేవాడు అలా చెప్పడండి. వాడికి ఉపోద్ఘాతం కావాలి.

"ఇది మావాడొక్కడు చేసిన తప్పు కాదండి. చదువుకున్నవాళ్లంతా చేస్తున్నారు."

"అంతానా!"

"తెల్లవాళ్లని చూసి నేర్చుకున్నామండి. పైకి దర్జా, లోపల నరకం. బయటికి చెప్పుకోలేక ఎలా ఉడికిపోతున్నాడో మొహం చూడండి."

అందరూ చూశారు. చెమటలు కారుతున్న ఆ మొహం అచ్చం దొరికిపోయిన దొంగ మొహంలాగే ఉంది. సుగుణ చేతిలోని పూలగుత్తి జారి కింద పడింది. ఆమె అన్నయ్యలిద్దరూ చొక్కా చేతులు మడుస్తూ కదిలారు. నావైపో, పెళ్లికొడుకువైపో వాళ్లకే తెలిసినట్టు లేదు.

"ఎవత్తిరా అది? ఎక్కడుంది?" మాస్టారు చర్చిలో ఉన్నామన్న సంగతి కూడా మరిచిపోయారు.

"ఎవత్తేంటండీ? ఒంటి మీదే ఉందిగా! ఆ కోటు! రోహిణీ కార్తెలో ఉన్ని కోటేంటండి?"

అందరి కళ్లూ కోటు మీదికి తిరిగాయి.

"ఆ కోటు," అన్నారు మాస్టారు పళ్లు నూరుతూ, "నేను గుంటూరులో దగ్గరుండి కుట్టించానయ్యా."

అప్పుడు మేలిముసుగులోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. "నేను వద్దంటే విన్నారా నాన్నా?" అంది సుగుణ. ఆ పిల్ల నవ్వకపోయి ఉంటే మావాడి పెళ్లి ఏమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి.

అయ్యగారు "ఈ అభ్యంతరం చెల్లదు" అని పేజీ తిప్పేశారు. అన్నయ్యలు చెరో రెక్కా పట్టుకుని నన్ను చెప్పుల దగ్గర దింపారు. మిగతా పెళ్లి కిటికీలోంచి చూశాను. భోజనాల దగ్గర పెద్దన్నయ్య నాకు వడ్డించిన ప్రతిసారీ "కోడికూర మీద అభ్యంతరం ఏమన్నా ఉందాండి?" అని అడుగుతూనే ఉన్నాడు. ఉంది. ఉప్పెక్కువైంది. చెప్పలేదు.

ప్రభుదాసు ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. నిజంగానే బాధపడ్డాను. తొంభైల్లో నా పెళ్లి కుదిరితే భయపడుతూనే శుభలేఖ పంపాను. సుగుణని వెంటబెట్టుకుని తెనాలి వచ్చాడు. అదీ మండువేసవే. పట్టుపంచె, భుజాల మీద కండువా, మొహం మీద వీడియో లైట్లు. తాళి చేతిలోకి తీసుకున్నానో లేదో, వాడు ముందు వరసలోంచి లేచాడు.

"పంతులుగారూ, మీరు అడగలేదు గానీ నాకో అభ్యంతరం ఉందండి."

మా మామగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా మొహం సంగతి వీడియోలో ఉంది.

"ఏంటి బాబూ?" అన్నారు పంతులుగారు.

"పెళ్లికొడుక్కి చలేస్తోందండి."

సంచిలోంచి ఆ ఉన్ని కోటు తీసి నాకు తొడిగి, బొత్తాలన్నీ పెట్టి మరీ వెళ్లి కూర్చున్నాడు. సుగుణ అప్పటిలాగే కిసుక్కుమంది. తాళి ఆ కోటులోనే కట్టాను. మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ మంచినీళ్ల కంటే ముందు ఆ కోటు ఫోటో తెచ్చి చూపిస్తుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. అడక్కపోయినా సరే, అడిగినా సరే, మైకులో అడిగినా సరే, ఈ జన్మలో ఇక ఎవరికీ నా అభిప్రాయం చెప్పను. అయినా రోహిణీ కార్తెలో ఉన్ని కోటు తప్పేనండి. అది అభిప్రాయం కాదు, అనుభవం.