మాటలు విడగొట్టే పిచ్చి

నర్సింగులో చేరిన కొత్తలో నాకు ఇంగ్లీషంటే చచ్చేంత భయం. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివి కొండ దిగినదాన్ని, జబ్బు పేరు ఒక్కోటి జానెడు పొడుగుంటే నోరెలా తిరుగుతుంది? పాఠాలు చెప్పే మేడమే దారి చూపించింది. పెద్ద మాటను చూసి బెదిరిపోకు, ముక్కలు చేసి చూడు అంది. 'హీమో' అంటే రక్తం, గ్రీకు మాట. 'ఐటిస్' అంటే వాపు. 'మెగలీ' అంటే పెరగడం. ఇక నాకు పిచ్చి పట్టింది. సెలవులకి ఇంటికొచ్చి మందు సీసాల మీది పేర్లు కూడా విడగొట్టి అమ్మకి వినిపించేదాన్ని. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది, ముందు తిరగలి దగ్గర కూచుని ఆ చోళ్లు విసురు" అనేది.

మొన్నటి వానల్లో మా పన్నెండేళ్ల చెల్లికి కాళ్లూ చేతులూ ఒకటే నొప్పులు. ముంచింగిపుట్టులో జీపెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం తీశారు, కడుపు స్కానింగ్ చేశారు. డాక్టరు రావడానికి గంట పడుతుందంటూ రిపోర్టులు మాత్రం నా చేతిలో పెట్టారు.

'స్ప్లీనోమెగలీ'. ఎడమ డొక్కలో ప్లీహం పెరిగిందని చూడగానే తెలిసిపోయింది. దాని వెనక కాగితంలో 'సికిల్ సెల్'. సికిల్ అంటే కొడవలి. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణం కొడవలిలా వంగిపోయే జబ్బు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. నాకంటే ముందు పుట్టిన అన్న ఇలాగే నొప్పులని ఏడ్చి ఏడ్చి ఏడేళ్లకే పోయాడు. కొండదేవతకి మొక్కు తీర్చకపోబట్టే పోయాడని అమ్మ ఇప్పటికీ తనని తానే తిట్టుకుంటుంది. ఇప్పుడీ సంగతి ఆమెకెలా చెప్పను? ఈ చదువే రాకపోతే ఇంకో గంటసేపు హాయిగా కూర్చునేదాన్ని కదా అని ఏడుపొచ్చింది.

"ఏటి రాసినారు?" అంది అమ్మ.

"డాక్టరుగారొచ్చి సెప్తారమ్మా."

"పాజిటివా?" కరోనా రోజుల్లో నేర్చుకున్న మాట.

తలూపాను. రక్తం సంగతి, నొప్పుల సంగతి, రోజూ వేసుకోవాల్సిన మాత్రల సంగతి మెల్లగా చెప్పాను. చెల్లి అమ్మ ఒళ్లో తల పెట్టుకుని మూలుగుతోంది. అమ్మ దాని కాళ్లు పిసుకుతూ వింది.

"మీ అన్నకీ ఇదేనా?"

అడగకపోయినా ప్రతి మాటకీ అర్థం చెప్పే నేను, "తెలీదమ్మా" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "నీకు తెలీదంటే ఇదే" అంది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి గోడకి ఆనుకుంది. "అయితే నా వల్ల పోలేదన్నమాట ఆ గుంటడు."

ఇన్నేళ్లలో అమ్మ మొహం అంత తేలిగ్గా ఉండటం నేను చూడలేదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుందన్న సంగతి నేనింకా చెప్పలేదు. వరండా చివర డాక్టరుగారు వస్తున్నారు.