సంతకం పెట్టిన ఆడవాళ్ళు

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. సుందరిని అత్తగారు తిట్టే వీలే లేదు. ఆవిడ సామర్లకోటలో, సుందరి బహ్రెయిన్‌లో, మధ్యన సముద్రం. తోడికోడలు మాత్రం బహ్రెయిన్‌లోనే, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, కిరాణా కొట్టు పైన మూడో అంతస్తులో, సుందరి ఉండే ఫ్లాట్‌లోకే, పక్క గదిలోకే వచ్చి దిగింది. దిగిన నాలుగు నెలల్లో నవ్వడం తప్ప ఆ పిల్ల చేసిన నేరమేమీ లేదు. సుందరి బాధంతా అదే. తప్పు చేసినదాన్నయితే తిట్టుకోవచ్చు. మంచిదాన్ని ఏమని తిట్టుకుంటాం?

సుందరి కాకినాడలో హిస్టరీ తీసుకుని బి.ఏ. చదివింది. జీవరాజుని చేసుకుని ఇక్కడికొచ్చేసరికి అతను ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. స్కూళ్ళ చుట్టూ తిరిగితే బి.ఎడ్. లేదు పొమ్మన్నారు. కొన్నాళ్ళు గోడలు చూస్తూ కూర్చుంది. తర్వాత పక్క ఫ్లాట్ వాళ్ళ పిల్లకి పరీక్షలొస్తే హాల్లో తివాచీ మీద కూర్చోబెట్టి చదివించింది. ఆ పిల్లకి మంచి మార్కులొచ్చాయి. అక్కణ్ణించి తివాచీ చాలడం మానేసింది.

చిక్కల్లా ఏమిటంటే ఆ పిల్లలు చదివేది ఇంగ్లాండు సిలబస్సు. సుందరి చదువుకున్న పుస్తకాల్లో ఇంగ్లీషువాళ్ళంటే గవర్నర్లు, వైస్రాయిలు, మన నెత్తిన పన్నులు వేసినవాళ్ళు. వాళ్ళలోనూ తిండికి మాడినవాళ్ళున్నారని, వాళ్ళ పిల్లలూ మిల్లుల్లో వేళ్ళు పోగొట్టుకున్నారని, వాళ్ళ దేశంలో కూలివాడికి చాలాకాలం ఓటే లేదని ఆవిడకి బహ్రెయిన్ వచ్చాకే తెలిసింది. తెలిశాక ఊరుకోలేదు. పిల్లల పాఠ్యపుస్తకాలు ముందేసుకుని తనే చదివి, గుండ్రటి అక్షరాలతో నోట్సు రాసింది. కారణాలు అయిదు, ఫలితాలు ఆరు. పిల్లలు బట్టీపట్టి పరీక్షలో కక్కేవారు, మార్కులు తెచ్చుకునేవారు. శుక్రవారం సెలవునాడు తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రార్థన అయ్యాక తల్లులు చుట్టూ మూగి "టీచరమ్మగారూ" అంటుంటే, ఆ ఒక్క మాటతో సుందరి వారమంతా బతికేసేది. ఈ దేశంలో జీవరాజు భార్య అని కాకుండా ఆవిడకంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

అలాంటి ఇంటికి మరిది గిడియోన్ అక్సాని పెళ్ళి చేసుకుని తెచ్చాడు. ఒంగోలు పిల్ల. హైదరాబాదులో ఏదో ఆఫీసులో కంప్యూటరు ముందు పనిచేసింది. "ఉద్యోగం దొరికేదాకా మీకు సాయంగా ఉంటానక్కా" అంది. సాయమంటే ఉల్లిపాయలు తరుగుతుందనుకుంది సుందరి.

ఒకరోజు పంటినొప్పి తట్టుకోలేక, "పిల్లలు గొడవ చెయ్యకుండా కాస్త చూడమ్మా" అని అక్సాకి అప్పజెప్పి పడుకుంది. లేచి వచ్చేసరికి హాల్లో చడీచప్పుడూ లేదు. పిల్లలంతా లాప్‌టాప్ చుట్టూ చేరిపోయి ఉన్నారు. తెర మీద, రెండు వందల ఏళ్ళ కిందట లండన్ కోర్టులో జరిగిన విచారణ, ఆనాడు రాసింది రాసినట్టు. జేబురుమాలు కొట్టేసిన చిన్న పిల్లాణ్ణి ఓడెక్కించి ఆస్ట్రేలియాకి పంపేశారట.

"వాళ్ళమ్మ వచ్చిందా అక్కా కోర్టుకి?" అని అడుగుతోంది నిస్సీ. నిస్సీ పక్క వీధి తెలుగువాళ్ళమ్మాయి, సుందరి దగ్గర అందరికంటే చురుకైన పిల్ల.

ఆ శిక్షల గురించి సుందరి నోట్సులో నాలుగు పాయింట్లున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆ దొంగపిల్లాడి తల్లి గురించి అడగలేదు.

"ఇవన్నీ ఎక్కడివే?" అంది సుందరి, దవడ పట్టుకుని.

"నెట్‌లో ఊరికే ఉన్నాయక్కా! పాత పేపర్లు, పార్లమెంటులో మాట్లాడిన మాటలు, జనాభా లెక్కలు, అన్నీ పెట్టేశారు. మనం వెతుక్కోవడమే ఆలస్యం" అని నవ్వింది అక్సా.

ఆ నవ్వు పంటినొప్పి కంటే ఎక్కువ సలిపింది. పన్ను మర్నాడు పీకించుకుంది. నవ్వునెలా పీకించడం?

అది మొదలు, పిల్లలు గుమ్మంలోనే "ఇవాళ అక్సా అక్క చెప్పదా?" అని అడగడం నేర్చారు. సుందరి ఆంటీ, అక్సా అక్క! ఇద్దరికీ మధ్య ఎనిమిదేళ్ళు తేడా. ఎనిమిదేళ్ళకే ఒకత్తి అక్కా, ఒకత్తి ఆంటీనా అని సుందరి అద్దం ముందు నిలబడి తనని తాను నిలదీసుకుంది. అద్దం ఆంటీ వైపే మాట్లాడింది. మెల్లగా సోమవారం హిస్టరీ క్లాసు అక్సాది అయిపోయింది. సుందరి వంటింట్లో పోపు వేస్తూ అటు చెవొగ్గి ఉండేది. పోపు మాడేది.

ఇక చిల్లర పనులు మొదలెట్టింది. వంజరం చేపల పులుసు వడ్డిస్తే తోకముక్క అక్సా కంచంలోనే పడేది. ఒకటి రెండుసార్లు పాఠం మంచి పట్టులో ఉండగా ఇంటర్నెట్ డబ్బా ప్లగ్గు పీకేసి, "ఏంటో, ఈ నెట్టు!" అని విసుక్కుంది కూడా. ప్రభువు చూస్తున్నాడని తెలుసు. అక్సా చూడలేదు కదా, అది చాలు.

"ఎందుకే అంత కుళ్ళు? మన పిల్లే కదా" అన్నాడు జీవరాజు.

"నాకు కుళ్ళేంటండీ! ఆ పిల్ల ఎండలో ఉద్యోగాలకి తిరుగుతుంటే జాలేసి చస్తున్నాను" అంది. ఆ జాలి ఎంత నిజమో తర్వాతి శుక్రవారమే తేలిపోయింది. ప్రార్థన అయ్యాక నిస్సీ వాళ్ళమ్మ సుందరిని పక్కకి పిలిచింది.

"టీచరమ్మగారూ, ఏమనుకోకండి. మేథ్స్, ఇంగ్లీషు మీరే చెప్పండి. హిస్టరీ మటుకు అక్సాకి ఇచ్చేద్దామండీ, జీతం ఆమెకే విడిగా ఇస్తాం. మా ఇంటికొచ్చి చెప్పినా సరే. ఇంకో ముగ్గురు కూడా అడుగుతున్నారు."

సుందరి మొహాన నవ్వు అలాగే ఉంచుకుంది. "అయ్యో, దానికి తీరికెక్కడిదండీ! రేపో మాపో జుఫైర్‌లో హోటల్లో ఉద్యోగం ఖాయం. పిల్లల్ని మధ్యలో వదిలేసి పోతుంది" అంది. ఇంటికొచ్చాక ఆ సంగతి అక్సాతో అనలేదు. ఆ పిల్లకి ఏ ఉద్యోగమూ ఖాయం కాలేదని ఆవిడకి బాగా తెలుసు.

అబద్ధం ఆడాక మనిషికి తన పక్షాన ఒక నిజం కావాలనిపిస్తుంది. సుందరి దాని కోసం వెతుకులాటలో పడింది. అక్సా పాఠంలో ఒక్క తప్పు దొరికితే చాలు. ఆ సోమవారమే దొరికింది. ఆడవాళ్ళ ఓటు పాఠం చెబుతూ అక్సా ఊపులో, "ఇంగ్లాండు ఆడవాళ్ళంతా ఒక్కటై పోరాడి ఓటు తెచ్చుకున్నారు" అంది. 'అంతా' అన్న మాట వంటింట్లోకి వినబడింది. చరిత్రలో ఆ మాట ఎక్కడ కనబడినా అడుగున తవ్వి చూడమని కాకినాడలో సుందరికి పాఠం చెప్పిన మాస్టారు అంటూండేవారు.

తవ్వింది. అక్సా ఇంటర్వ్యూకని జుఫైర్ వెళ్ళిన మధ్యాహ్నం, బియ్యం నానబోసి, ఫోను పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ఏమేం వెతుకుతుందో చెవులతో నేర్చుకున్నదే కదా. పాత పేపర్లలోకి దూరింది, సభల వార్తలు చదివింది, ఆనాటి బొమ్మల పోస్టుకార్డులు తిరగేసింది. ఎలా దొరకాలో అలా దొరికింది. ఆడవాళ్ళకి ఓటు వద్దని ఆడవాళ్ళే ఒక సంఘం పెట్టుకున్నారు. లక్షల సంతకాలు పోగుచేసి పార్లమెంటుకి పంపారు. సుందరి ఆనందంతో లేచి నిలబడింది. బియ్యం సంగతి మరిచిపోయింది.

తర్వాతి సోమవారం పాఠం మధ్యలో చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. "ఒక్క నిమిషం అక్సా. ఆడవాళ్ళంతా ఓటు అడిగారని చెప్పావు. ఇదేంటో పిల్లలకి చూపించు" అని ఫోను చేతికిచ్చింది.

అక్సా చదివింది. మొహం పాలిపోయింది. "నేను చూళ్ళేదక్కా ఇది" అంది. పిల్లలు ఫోను మీద పడ్డారు. చెప్పొద్దూ, సుందరి కడుపు చల్లబడింది. పన్ను పీకించుకున్న రోజున కూడా అంత హాయి తెలియలేదు.

అప్పుడు నిస్సీ తలెత్తింది. "ఆడవాళ్ళకి ఓటొస్తే ఆడవాళ్ళకేంటాంటీ నష్టం? ఎందుకు పెట్టారు సంతకం?"

ఇది నోట్సులో లేదు. తప్పు దొరకగానే చదవడం ఆపేసింది కాబట్టి ఫోన్లో ఎక్కడుందో కూడా సుందరికి తెలియదు. జవాబు మాత్రం తెలుసు. అది తనకి తెలుసునని ఆ క్షణందాకా తెలియదు.

"వాళ్ళేం చదువురానివాళ్ళు కాదమ్మా" అని మొదలుపెట్టింది. "పెద్దింటివాళ్ళు, పుస్తకాలు రాసినవాళ్ళు, బళ్ళూ ఆసుపత్రులూ నడిపినవాళ్ళు ఉన్నారు అందులో. ఓటు లేకుండానే వాళ్ళ మాట చెల్లేది. నువ్వెప్పుడైనా కాకినాడ బస్సెక్కావా? తోసుకుని ఎక్కి సీటు పట్టినవాళ్ళే తర్వాత స్టాపులో 'ఖాళీ లేదు, ఎక్కకండి' అని అరుస్తారు. ఆ మాట డ్రైవరు కూడా అనడు. కష్టపడి పేరు తెచ్చుకున్నాక, అదే పేరు ఇంకొకత్తికి నవ్వుతూ వచ్చేస్తుంటే చూళ్ళేరు. పైకి ఆ మాట అనలేరు కదా, ఇల్లు పాడవుతుందంటారు, దేశం పాడవుతుందంటారు. పిల్లలు పాడవుతారంటారు. లోపలుండేది ఇదే."

సుందరి అక్సా వైపు చూడలేదు. అక్సా తననే చూస్తోందని చూడకుండానే తెలిసింది.

"ఇది రాసుకోవాలా ఆంటీ?" అంది నిస్సీ.

"వద్దు."

పిల్లలు వెళ్ళిపోయాక అక్సా వంటింట్లోకి వచ్చింది. "తప్పు చెప్పాను. ఒప్పుకుంటాను. కానీ ఇందాక మీరు చెప్పింది ఇంగ్లాండు వాళ్ళ గురించి కాదు కదక్కా?"

సుందరి స్టవ్వు కట్టేసింది. ఇక దాచడం చేతకాలేదు. "నిస్సీ వాళ్ళమ్మ హిస్టరీకి నిన్నడిగింది. జీతం విడిగా ఇస్తానంది. ఇంకో ముగ్గురున్నారంది. నీకు తీరిక లేదని చెప్పేశాను."

"ఎప్పుడు?"

"మొన్నటిది కాదు, అంతకు ముందు శుక్రవారం."

"నేను జుఫైర్ వెళ్ళకముందా?" అంది అక్సా. "ఆ ఉద్యోగం లేదన్నారని మీకు చెప్పాను. ఆయన్ని బస్సు చార్జీలు అడగలేక ఆ ఎండలో నడిచొచ్చానని కూడా చెప్పాను. మీరే మజ్జిగిచ్చారు. మజ్జిగిస్తూ కూడా చెప్పాలనిపించలేదా అక్కా?"

నాలుగు నెలల్లో మొదటిసారి ఆ మొహంలో నవ్వు లేదు. సుందరి కోరుకున్నది అదే. తీరా చూస్తే ఆ మొహం చూడలేకపోయింది.

అక్సా అక్కడే నిలబడి ఫోను తీసి నిస్సీ వాళ్ళమ్మకి చేసింది. "నాకు తీరికుందండీ. మీ ఇంట్లోనే చెప్తాను" అంది. పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా గిన్నెలు కడిగింది, బట్టలు మడత పెట్టింది, అడిగినదానికి జవాబిచ్చింది. తనంతట తాను ఒక్క మాటా మాట్లాడలేదు.

సోమవారం వచ్చింది. అక్సా లాప్‌టాప్ సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. హాల్లో తివాచీ పరిచే పని లేకపోయింది. సుందరి కాసేపు టీవీ పెట్టింది, కట్టేసింది. కింద కొట్టుకెళ్ళి అక్కర్లేని పెరుగు తెచ్చింది. ఆఖరికి ఫోను తీసింది. ఆపేసిన చోటునుంచి చదవాలనిపించింది. సంతకాలు పెట్టినవాళ్ళు పెట్టారు, చట్టం వచ్చేసింది, ముప్ఫై దాటిన ఆడవాళ్ళలో చాలామందికి ఓటొచ్చింది. అప్పుడీ వద్దన్నవాళ్ళు ఏం చేశారు? మొహం చెల్లక తలుపులేసుకున్నారా?

అబ్బే. ఓటొద్దని వేదికలెక్కి మాట్లాడినావిడ ఒకామె, ఆ మొదటి ఎన్నికల్లోనే ఏకంగా పోటీకి నిలబడింది. ఓడిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

"సిగ్గు లేదు దీనికి!" అని సుందరి ఖాళీ హాల్లో పైకే తిట్టింది. తిట్టి, మళ్ళీ చదివింది. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే ఆవిడకి మాత్రం ఏం ఒరిగేది? ఓటు ఒకరింటి సొమ్ము కాదు, పాఠం చెప్పడమూ అంతే. సుందరి చున్నీ వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

పక్క వీధిలో నిస్సీ వాళ్ళ బెల్లు కొడితే అక్సాయే వచ్చి తీసింది. చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పులు పట్టడానికా అక్కా?"

"కాదు. వినడానికొచ్చాను."

అక్సా చాలాసేపు జరగలేదు. ఆ తర్వాత జరిగింది. సుందరి వెళ్ళి పిల్లల వెనక నేల మీద కూర్చుంది. మిల్లు కార్మికుల సమ్మె పాఠం జరుగుతోంది. ఆ పిల్ల ఎంత బాగా చెబుతోందో! తనకి ఏనాటికీ అలా రాదు. ఒళ్ళు భగ్గుమంది. మండుతూనే, ముందుకు వంగి నిస్సీ భుజం తట్టి ఒక కాగితం, పెన్ను అడిగి తీసుకుంది.