కౌన్సిలరమ్మ మొగుడు

ఒక్క తుమ్ము ఎంత పని చేస్తుందో మీకు తెలియదు. మీరు తుమ్మితే పక్కవాళ్ళు "చిరంజీవ" అంటారు, మహా అయితే బయలుదేరినవాళ్ళు కాసేపు కూర్చుని నీళ్ళు తాగి వెళతారు. నేను తుమ్మితే ఒక వార్డు మొత్తం కుళ్ళిన టమాటాల పాలయింది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో మొదటి నుంచీ చెబుతాను. మా వార్డు వాళ్ళు నన్ను చూసి నవ్వీ నవ్వీ అలిసిపోయారు, ఇక మీ వంతు.

ఊరి పేరు మాత్రం అడగొద్దు. ఈ సంగతి మదనపల్లెలో చెబితే ఇది పుంగనూరులోనే జరిగి ఉంటుందంటారు. పుంగనూరులో చెబితే కుప్పం వైపు చెయ్యి చూపిస్తారు. కుప్పంలో చెబితే "ఆ మదనపల్లోళ్ళు అంతేలే" అంటారు. ఈ మూడు ఊళ్ళకూ బస్సులు పోయే ఊరు మాది, అంతవరకు చాలు.

కథలోకి పోయేముందు మునిసిపల్ కౌన్సిల్ పుట్టుపూర్వోత్తరాలు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెల్లదొరల కాలంలో కౌన్సిళ్ళలో కలెక్టరు ఎంచినవాళ్ళే మెంబర్లు. దొర తల ఊపితే వీళ్ళూ ఊపేవాళ్ళు. తర్వాత ఓట్లు వచ్చాయి, పెద్ద ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని కుర్చీల్లో కూర్చున్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళకు రిజర్వేషను వచ్చింది. ఇక ఊళ్ళను ఆడవాళ్ళు పాలిస్తారని లోకం అనుకుంది. పిచ్చిలోకం! వచ్చింది మేమండీ, కౌన్సిలరమ్మల మొగుళ్ళం. చట్టంలో మా పేరు ఎక్కడ వెతికినా ఉండదు, ఫ్లెక్సీల్లో మాత్రం ఎక్కడ చూసినా మేమే ఉంటాం.

నాది ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి. ఫ్యాన్లు, వైర్లు, బల్బులు అమ్ముకుంటూ బుద్ధిగా ఉండేవాణ్ణి. మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయిందని తెలిసిన పొద్దు నాలో రాజకీయ నాయకుడు నిద్ర లేచాడు. నా భార్య సుగుణను నిలబెట్టాను. ఫ్లెక్సీలో నా ముఖం చేటంత, ఆమె ముఖం స్టాంపు బిళ్ళంత. మా వార్డులో నీళ్ళు ట్యాంకరు వచ్చినప్పుడే. ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో యుద్ధమే. సుగుణ ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పింది: "కాలనీ ఎనకాల బీడు ఉండాది గదమ్మా, ఆడ నీళ్ళ ట్యాంకు కట్టిస్తాను." ఆ మాటకే జనం ఓట్లేశారు. నేనేమో నా చేటంత ముఖం చూసి వేశారనుకున్నాను.

గెలిచాక చైర్‌పర్సన్ ఎన్నిక దాకా అవతలివాళ్ళు ఎగరేసుకుపోకుండా మమ్మల్నందరినీ హార్స్లీ హిల్స్‌లో దాచారు. గెలిచింది ఆడవాళ్ళు, బిర్యానీల దగ్గర ముందు కూర్చున్నది మేము. అక్కడ తీసిన ఫోటోలో కుర్చీల్లో మొగుళ్ళం ఉన్నాం, వెనకాల కౌన్సిలర్లు నిలబడి ఉన్నారు. ఆ ఫోటో చూసి నాకు సిగ్గు వేయలేదు, ఫ్రేము కట్టించాను.

మొదట్లో కౌన్సిల్ హాల్లో భార్యల పక్కనే కుర్చీలు వేసుకుని మేమే మాట్లాడేవాళ్ళం. ఆ తర్వాత కొత్త కమిషనరమ్మ వచ్చింది. వచ్చిన మొదటి మీటింగులోనే "సభ్యులు కానివాళ్ళు వెనక గోడ దగ్గర కూర్చోండి. నోరు విప్పితే బయటికి పంపిస్తాను" అంది. మధ్యలో ఒక తాడు కూడా కట్టించింది. తాడు ఇవతల మేమంతా వరసగా కూర్చున్నాం, పెళ్ళిలో భోజనాలకు పిలవని వాళ్ళలాగా.

నోరు మూయించినంత మాత్రాన నా తెలివి ఆగుతుందా? ఆ రాత్రే సుగుణకు పాఠం చెప్పాను.

"సూడు, నేను భుజం మీద తుండు తీసి మొగం తుడుసుకుంటే నువ్వు సెయ్యెత్తల్ల. తుండు కదలకపోతే గమ్మున కూసోవల్ల."

"ఎందుకు ఎత్తతాండానో తెలియొద్దా?"

"నీకెందుకే అదంతా? తెలుసుకునేదానికి నేను ఉండాను గదా."

"మరి నేనెందుకు ఉండాను ఆడ?"

"సెయ్యెత్తేదానికి!" అన్నాను. ఈ మాట అన్నవాడి నోట్లో పచ్చిమిరపకాయ పెట్టాలి. తర్వాత ఆ పని కూడా జరిగింది, చెబుతాను ఉండండి.

తుండుగుడ్డ పద్ధతి బ్రహ్మాండంగా నడిచింది. మురుగుకాలువలు, వీధిదీపాలు, అన్నీ నా భుజం మీదుగానే ఆమోదం పొందాయి. ఇంత గొప్ప కనిపెట్టుడు కనిపెట్టి నోరు మూసుకుని ఉండడం మనిషన్నవాడికి సాధ్యమా? మునిసిపాలిటీ ఎదురుగా టీ కొట్టు ఉంది. అక్కడ మొగుళ్ళమంతా చేరినప్పుడు ఊదేశాను.

పక్క వార్డు కౌన్సిలరమ్మ భర్త రెడ్డెప్ప కళ్ళు పెద్దవి చేశాడు. "అబ్బబ్బా, ఏం బుర్రప్పా నీది! తుండు తీస్తే ఖాయంగా సెయ్యెత్తుతాదా?"

"ఖాయం. మా ఇంటామె నా తుండు తప్ప లోకంలో ఇంకేం సూడదు."

"ఐటెం ఏదైనా సరేనా?"

"ఏదైనా సరే!"

రెడ్డెప్ప ఆ పొద్దు నా టీ డబ్బులు కూడా ఇచ్చాడు. రెడ్డెప్ప టీ డబ్బులు ఇచ్చాడంటే ఊరంతా జాగ్రత్త పడాలి. నేను ఇంకో టీ తాగాను.

అదే సమయానికి మార్కెట్లో టమాటా ధర పడిపోయింది. కొనేవాళ్ళు లేక బుట్టలకు బుట్టలు కుళ్ళిపోతున్నాయి. ఆ కుళ్ళంతా ఎక్కడ పోయాలా అని మునిసిపాలిటీ తల పట్టుకుంది. ఉన్నవి రెండే ఖాళీ జాగాలు. ఒకటి రెడ్డెప్ప వార్డులోది, రెండోది మా కాలనీ వెనక బీడు, సుగుణ ట్యాంకు కట్టిస్తానన్న జాగా. కౌన్సిల్లో సగం మంది అటు, సగం మంది ఇటు ఉన్నారు. మర్నాటి మీటింగులో ఓటుకు వచ్చేది మా బీడే. సుగుణ చెయ్యి ఎత్తకుండా కూర్చుంటే చాలు, అది మాకు దక్కుతుంది.

ముందు రోజు సుగుణ అజెండా కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "మన ట్యాంకు జాగా సంగతి ఇందులో యాడుండాదో అర్థం కాలేదు. వస్తే నేను లేసి మాట్లాడతాను. మునెమ్మక్కకు మాటిచ్చినాను."

మునెమ్మ మా ఎదురింటావిడ. ట్యాంకరు దగ్గర బిందెల యుద్ధానికి సేనాపతి.

"నువ్వు మాట్లాడితే ఉండేది కూడా పోతాది," అన్నాను. "కాయితాలు ఆడ పెట్టు. అంతా నేను సూసుకుంటాను. నువ్వు తుండు సూడు, సాలు."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి కాగితాలు మడిచి పెట్టింది.

మర్నాడు మీటింగు మొదలైంది. నేను తుండుగుడ్డను భుజం మీద సర్దుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి పక్కన రెడ్డెప్ప కాగితం పొట్లం విప్పాడు. మిరపకాయ బజ్జీలు, పొగలు కక్కుతున్నాయి.

"తినప్పా, సల్లారిపోతాయి."

నేను ఒకటి నోట్లో వేసుకున్నాను. బాగుందని రెండోది కూడా కుక్కాను. కొరికాక తెలిసింది. అది మిరపకాయ కాదండీ, పోయిన జన్మలో నేను చేసిన పాపం! నాలుక మండింది, చెవులు గుయ్యిమన్నాయి, కళ్ళలో నుంచి నీళ్ళు, ముక్కులో నుంచి నీళ్ళు. మా వార్డుకు వచ్చే ట్యాంకరు కొళాయి కూడా అంత ధారగా ఎప్పుడూ కారలేదు.

సరిగ్గా అప్పుడే మునిసిపల్ ఆఫీసు మేనేజరు చివరి అంశం చదివాడు. "ఫలానా సర్వే నంబరు గల స్థలమును ఘన వ్యర్థముల తాత్కాలిక నిల్వ నిమిత్తం కేటాయించుట."

ఆ భాష వింటే టమాటాలకే తెలియదు అది తమ గురించని. సుగుణకు ఎలా తెలుస్తుంది? ఆమె తల తిప్పి నా వైపు చూసింది.

నేను బిగుసుకుపోయాను. ముక్కు కారుతోంది, తుడవను. కన్నీళ్ళు చొక్కా మీద పడుతున్నాయి, తుడవను. పక్కనున్న ఇంకో మొగుడు గుసగుసగా "ఏమన్నా, వార్డు మీద ఇంత ప్రేముండాదా నీకి?" అన్నాడు. నేను పళ్ళు బిగబట్టాను.

"సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి," అంది చైర్‌పర్సనమ్మ.

సగం చేతులు లేచాయి. సుగుణ చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే గెలిచినట్టే. ఆ క్షణంలోనే ముక్కులో ఎక్కడో మిరప గింజ కదిలింది.

"హా... హా... హాచ్!"

తుమ్మాక చెయ్యి నా మాట వింటుందా? నేరుగా భుజం మీదికి పోయింది, తుండుగుడ్డ ముఖం మీదికి వచ్చింది. అవతల సుగుణ చెయ్యి లేచింది.

నా ప్రాణం పోయింది. నోరు విప్పితే కమిషనరమ్మ బయటికి పంపుతుంది. వద్దు వద్దని చెప్పాలి, ఎలా చెప్పాలి? చేతిలో ఉన్న తుండుగుడ్డనే గాల్లో అటూ ఇటూ ఊపాను. సుగుణ కళ్ళు పెద్దవయ్యాయి. తుండు తీస్తే ఒక చెయ్యి అన్నాను, మరి ఇంతగా ఊపుతుంటే? ఆమె రెండో చెయ్యి కూడా ఎత్తింది.

చైర్‌పర్సనమ్మ మురిసిపోయింది. "సుగుణమ్మగారు రెండు చేతులా మద్దతిచ్చినారు. సొంత వార్డు జాగాను ఊరి కోసం ఇచ్చేదానికి ఎంత పెద్ద మనసు ఉండల్లప్పా! అందరూ చప్పట్లు కొట్టండి."

బల్లలు దద్దరిల్లాయి. "సొంత వార్డు" అన్న మాట విని సుగుణ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

బయటికి రాగానే రెడ్డెప్ప నాకు రెండు చేతులూ జోడించాడు. "ఆ మిరపకాయలు నేనే పొద్దున్నే ఏరి బజ్జీలు ఏయించినానప్పా. నీ తుండుకు మా వార్డంతా రుణపడి ఉండాది."

నాకు తిట్టాలని ఉంది, నాలుక తిరగలేదు.

ఇంట్లో సుగుణ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు కండ్లనీళ్ళు పెట్టుకుంటాంటే మనకేదో పెద్ద మేలు జరగతాండాదేమో అనుకుంటిని. మునెమ్మక్క మొగం ఎట్ల సూసేది నేను?" అంది. నాకు ఆ రోజు నిజంగా సిగ్గు వేసింది.

నాలుగు రోజులు తిరిగేసరికి ట్రాక్టర్లు రావడం మొదలైంది. ట్యాంకు రావలసిన చోట టమాటా గుట్ట లేచింది. వార్డంతా పుల్లటి కంపు, ఈగలు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మా ఇంటి మీదికి వచ్చారు. సుగుణ తలుపు తీసి "కౌన్సిలరు లోపల ఉండాడు, ఆయన్నే అడగండమ్మా" అని పక్కకు తప్పుకుంది.

మునెమ్మ నడుము మీద చెయ్యి పెట్టింది. "ఏమప్పా కౌన్సిలరూ, నీళ్ళిస్తావని ఓట్లేస్తే రసం పంపిస్తివే! ఇంగ అన్నం కూడా నువ్వే పెడతావా?"

"అది... ఘన వ్యర్థాలు... తాత్కాలికంగా..." అన్నాను.

"నువ్వుండావు సూడు, నువ్వే పెద్ద ఘన వ్యర్థానివి!" అంది. బిందెలన్నీ ఒక్కసారి మోగాయి.

ఆ తర్వాత సుగుణ నన్ను ఏమీ అడగలేదు. అజెండా కాగితాలు తీసుకుని కమిషనరమ్మ దగ్గరికి తనే పోయింది. ప్రతి కౌన్సిలరమ్మ ఇంటికీ పోయింది, రెడ్డెప్ప ఇంటికి కూడా. లోపల ఏం మాట్లాడుకున్నారో మొగుళ్ళకు ఎవరికీ తెలియలేదు. తరువాతి మీటింగులో సుగుణ తన కుర్చీని గుండ్రంగా తిప్పి, మా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆమెను చూసి మిగతా కౌన్సిలరమ్మలూ తిప్పారు. మా వరసలో ఒకాయన మీసం తిప్పాడు, ఒకాయన కళ్ళజోడు తీశాడు, రెడ్డెప్ప దగ్గాడు. ఒక్క వీపూ కదల్లేదు.

సుగుణ లేచి నిలబడింది. "పోయిన మీటింగులో సెయ్యెత్తింది నేను కాదు, మా ఆయన తుమ్ము. ఆ ఓటు నాది కాదు. నా వార్డుకు నీళ్ళు కావల్ల. ఆ తీర్మానం తీసేయండి. ఈ మాట రాసుకోండి."

చేతులు లేచాయి. రెడ్డెప్ప భార్య చెయ్యి కూడా లేచింది. రెడ్డెప్ప ఒక పక్క, నేను ఒక పక్క నోరు తెరుచుకుని చూశాం. పాత తీర్మానం రద్దయింది, ట్యాంకు మంజూరయింది. నా గుండె పొంగింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. కౌన్సిల్ పద్ధతి ఏమిటంటే, పోయిన సమావేశంలో జరిగినదంతా ఈ సమావేశంలో చదివి ఆమోదించాలి. ఆ తరువాతి నెల మేనేజరు గొంతు సవరించుకుని నిండు సభలో చదివాడు: "గత సమావేశమున తన చేయి లేచుట తన సమ్మతి వలన కాదనియు, తన భర్త తుమ్మినందువలననే జరిగినదనియు గౌరవ సభ్యురాలు శ్రీమతి సుగుణమ్మ గారు సభకు తెలిపిరి."

"ఆమోదమేనా?" అంది చైర్‌పర్సనమ్మ.

"ఆమోదం!" అని సభ మొత్తం బల్లలు చరిచింది. ఈ పక్షం లేదు, ఆ పక్షం లేదు. మా కౌన్సిల్ పుట్టినప్పటి నుంచీ ఒక్క గొంతుతో ఆమోదించిన తీర్మానం అదొక్కటేనని తర్వాత మేనేజరు చెప్పాడు.

కాబట్టి తాడు ఇవతల కూర్చున్న కౌన్సిలరమ్మ మొగుళ్ళందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా భార్య ఓటు వేసే చోట ఇకపై నేను ఏ సైగా చేయను, ఏ సలహా ఇవ్వను, ముక్కు కూడా తుడుచుకోను. తుమ్ము ఆగకపోతే బస్సెక్కి పుంగనూరు పోయి తుమ్మి వస్తాను.