సుగుణ మేడమ్ దించేసిన ఫోటోలు

నిన్న బొల్లారం దారిలో వెళ్తుంటే రాతిపొడి వాసన గుప్పుమంది. రోడ్డు పక్కన యంత్రం బండను తొలుస్తోంది. ఆ వాసన తగిలితే నాకు దగ్గు కంటే ముందు కోపం వస్తుంది. సుగుణ మేడమ్ గుర్తొస్తారు.

నేరేడ్‌మెట్‌లో మా పక్కిల్లే ఆమెది. బడిలో డ్రాయింగ్ నేర్పి రిటైరయ్యాక కుంచె వదిలి కెమెరా పట్టుకున్నారు. డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న నన్ను ఊరి చివరి గుట్టలకు వెంటబెట్టుకెళ్ళి ఫోటో తీయడం నేర్పారు. వాన వెలిసిన పొద్దున తడిబండ మీద ఊదారంగు తేలేదాకా, సీతాఫలం చెట్ల మీద మంచు పలచబడేదాకా కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. "జెర ఆగు బిడ్డా. రంగు ఇంకా తడిగున్నది, ఆరనీ" అనేవారు. దగ్గరికెళ్ళి చూస్తే తప్ప ఆమె ఫోటోలు నీళ్ళరంగుల బొమ్మలు కావని తెలిసేది కాదు. నగరంలోని పేరున్న ఫోటోగ్రాఫర్లు వాటిని క్యాలెండర్ బొమ్మలని నవ్వేవారు. కళంటే నలుపూ తెలుపేనట! "గుట్టకు దేవుడే రంగులిచ్చిండు. వద్దననీకి వీళ్ళెవరు?" అనేవారామె.

ఒకరోజు ఏ.ఎస్. రావు నగర్‌లో పెద్ద హోర్డింగు మీద ఆమె తీసిన గుట్ట కనిపించింది. అడక్కుండానే ఎత్తుకున్నారు. కింద 'ప్రకృతి ఒడిలో మీ విల్లా' అని రాశారు. ఆ విల్లాల కోసం పేల్చేస్తున్నది ఆ గుట్టనే. "నేను మంచిగ తీసినందుకే అమ్ముకుంటున్నరు గదనే" అన్నారు మేడమ్. నా ఒళ్ళు మండిపోయింది. దొంగతనం వాళ్ళదైతే సిగ్గు ఆమెకెందుకు?

మర్నాడే అక్కడికి వెళ్ళాం. గుట్ట సగం లేదు. పగిలిన చోట రాయి పచ్చిపుండులా ఎర్రగా ఉంది. నేను చకచకా తీయబోతే మేడమ్ చెయ్యి పట్టుకున్నారు. "ముందట ఎట్ల తీసినమో గిదాన్ని సుత గట్లనే తీద్దాం. వెలుగు రానియ్యి." ఆ ఫోటో అందంగా వచ్చింది. చూడలేనంత అందంగా.

సికింద్రాబాద్‌లో జరిగిన ప్రదర్శనలో పాత గుట్ట పక్కనే దాన్నీ తగిలించారు. ప్రారంభానికి ముందు నిర్వాహకుడు పరుగున వచ్చాడు.

"మేడమ్ గారూ, ఆ ఒక్కటీ తీసేయండి. మన స్పాన్సర్లు ఆ విల్లాలవాళ్ళేనండీ."

"ఎందుకు తీయాలె? అబద్ధమా ఏంది?"

"అబద్ధమని కాదండీ, చూసేవాళ్ళు ఇబ్బంది పడతారు."

"పడనియ్యి. అందుకే పెట్టిన."

అతను ఒప్పుకోలేదు. మేడమ్ తన ఫోటోలన్నీ దించేశారు. హాలునిండా కళాపోషకులే. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ రెండు ఫోటోలనూ బయట మెట్ల దగ్గర గోడకు ఆనించి, పక్కనే కూర్చున్నారామె. ఒకావిడ ఆగి చూసి, "కిటికీలోంచి ఈ గుట్ట కనబడుతుందనే కదండీ అక్కడ బుక్ చేశాం!" అంది. మేడమ్ రెండో ఫోటో ఆమె వైపు తిప్పారు. "మంచిగ చూస్కో అమ్మా. గింతే మిగిలింది."

తర్వాత ఆ కాస్తా మిగల్లేదు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మేడమ్ పోయాక ఆ నిర్వాహకుడే సంతాపసభ పెట్టి, ఆమెను ప్రకృతి ప్రేమికురాలని పొగిడాడు. నేను లేచి మైకు అందుకుని, ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. ఇది సమయం కాదన్నారెవరో. మరెప్పుడు సమయం?

రంగులు చూడటం ఆమె నేర్పారు. వాటిని చంపినవాళ్ళను క్షమించకపోవడమూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. వయసుతో కోపం చల్లారుతుందంటారు. నాది చల్లారలేదు. చల్లార్చుకోను.