మ్యాచ్‌కు ముందే యాట కోసిన మేనేజరు

డ్యామ్ కట్టి కృష్ణమ్మను ఆపగలిగిన మా నందికొండలో, ఒక మధ్యాహ్నం నన్ను ఆపగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడు. అందువల్ల ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఏ గతి పట్టిందో చెబుతాను. భోంచేసిన వెంటనే మాత్రం చదవకండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

తెలంగాణ వచ్చిన కొత్త. నేనొక దినపత్రికకు ఊరి విలేకరిని. మా డ్యామ్ క్వార్టర్ల ఫుట్‌బాల్ క్లబ్బు ఓడినప్పుడల్లా, అంటే ఆడినప్పుడల్లా, ఎందుకు ఓడిందో వివరంగా రాసేవాణ్ని. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడట. జన్మలో బంతి తన్నని నేను మద్దెలనూ, వాయించినవాణ్నీ, విన్నవాళ్లనూ కలిపి ఓడనేవాణ్ని.

ఆ ఏడు లీగ్‌లో మాకు ఒక్క పాయింటూ రాలేదు. ఆఖరి మ్యాచ్ కొల్లాపూర్ జట్టుతో, మా గ్రౌండ్‌లోనే. అదీ ఓడితే లీగ్‌లోంచి మా పేరు కొట్టేస్తారు. జట్టు లేని గ్రౌండ్‌ను టూరిస్టు బస్సులు నిలపడానికి ఇచ్చేస్తారు. డ్రా చేసుకున్నా చాలు, బతికిపోతాం. సరిగ్గా అప్పుడే, ఉన్న ఒక్క మేనేజరూ చేతులెత్తేశాడు. క్లబ్బు పెద్ద, సైకిల్ షాపు యాకూబ్ భాయ్, కెప్టెన్ సైదులును వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు.

"రిపోర్టర్ సాబ్, రేపటి సంది నువ్వే మేనేజర్."

సాగర్ నీళ్లలో చేపలు పట్టే సైదులు నెత్తి పట్టుకున్నాడు. "భాయ్, గీ అన్నకు రాసుడే ఎరుక. మునుగుతున్న పుట్టిల ఈత రానోన్ని ఎక్కిస్తవా?"

"ఈతొచ్చినోళ్లందరు ముంచిన్రు గదరా! రానోడైతె భయానికన్న గట్టిగ పట్టుకుంటడు."

అది పొగడ్తే అనుకుని ఒప్పుకున్నాను.

నా పరిశోధన ప్రకారం మావాళ్లకు కొరవడింది ఆట కాదు, హుషారు. మన దగ్గర హుషారు దేనితో వస్తుంది? దావత్‌తో. మ్యాచ్ రోజు పొద్దున్నే సైదులు మేనమామ మేకల మందలోంచి యాటను తెప్పించి కోయించాను.

"అన్నా, దావత్ గెల్సినంక ఇస్తరే," అన్నాడు సైదులు.

"మనం గెల్సుడెప్పుడు, తినుడెప్పుడు? ఖాలి కడుపుతోని ఎవడన్న గెలుస్తడా?"

గ్రౌండ్ పక్కన బగారా అన్నం పొగలు కక్కుతుండగా, చెప్పిన వేళకంటే ముందే కొల్లాపూర్ వాళ్ల వ్యాను వచ్చి ఆగింది. వాళ్ల మేనేజరు చేతిలో అరటిగెల.

"రాండ్రి సార్, కూసోండ్రి, తిందురు," అన్నాను.

"వద్దు సార్. ఆట ముంగట మా పోరగాండ్లకు పండ్లే పెడ్తం."

ఈ మాట వినగానే, బుర్ర ఉన్నవాడైతే తన జట్టును కూడా విస్తళ్ల ముందు నుంచి లేపేవాడు. నేను నొచ్చుకున్నాను.

"ఏం సార్, నందికొండకొచ్చి ఉపాసముంటరా? మా మీద గుస్సానా?"

పాపం, ఆయన కూర్చున్నాడు. జట్టంతా కూర్చుంది. యాకూబ్ భాయ్ గరిటె అందుకున్నాడు. "జర ఏసుకో బిడ్డా! మూలుగున్న గీ నల్లి బొక్క నీ కోసమే తీసిపెట్టిన." విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, మన ప్రాంతంలో ఆ చేతి పక్కన వడ్డిస్తారు. రిఫరీ కూడా అతిథే కదా! ఆయనకు రెండు బొక్కలు. మేం పడ్డ గోతిలోకి అందరినీ మర్యాదగా చెయ్యి పట్టి దింపాను.

ఆట మొదలైంది. రిఫరీ ఈల వేయబోతే ముందు త్రేన్పు వచ్చింది. రెండు జట్లూ చెరువులోంచి లేచిన బర్రెల్లా కదిలాయి. బంతి మధ్యలో ఆగి, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూసింది.

"ఉరుకుండ్రిరా!" అని కుర్చీలోంచి అరిచాను. లేచి అరుద్దామంటే నాకూ చేతకాలేదు.

"గది యాడికి పోతదన్నా, ఆడనే ఉంటది," అన్నాడు సైదులు, నడుము మీద చేతులు పెట్టుకుని.

నాకు మాత్రం గ్రౌండ్ నిండా బస్సులే కనిపించసాగాయి.

ఆఖర్లో కొల్లాపూర్ కుర్రాడొకడు మావాళ్లందరినీ దాటేశాడు. దాటడమేముంది, సగం మంది కూర్చునే ఉన్నారు. ఎదురుగా గోల్ కాసే మా గోలీ ఒక్కడే, అతనూ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. కుర్రాడు కాలెత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, వాడు డొక్క పట్టుకుని మెల్లగా కూలబడుతున్నాడు.

"నీళ్లు తాగుతవా తమ్మీ?" అన్నాడు మా గోలీ.

"నీళ్లకు జాగా లేదే అన్నా."

సున్నా, సున్నా. మ్యాచ్ డ్రా! మాకు తొలి పాయింటు. లీగ్‌లో మా పేరు నిలిచింది, గ్రౌండ్ దక్కింది.

"ఏం దిమాక్ సాబ్ నీది!" యాకూబ్ భాయ్ నన్ను వాటేసుకున్నాడు. "మనకు గోల్ కొట్టరాదని, వాళ్లను గూడ కొట్టనియ్యకుంట చేసినవ్!"

కొల్లాపూర్ మేనేజరు అరటిగెల తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "మీరే ఉంచుకోండ్రి సారూ. మావోళ్లకు ఎల్లుండి దాక అక్కెర్లేదు."

అది వ్యూహం కాదు, మూర్ఖత్వమని చెబుదామనుకున్నాను. కానీ సైదులు నన్ను భుజాలకెత్తుకోబోయి, లేపలేక, నేల మీద కూలబడి పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముందు నిజం చిన్నబోయింది.

ఆ గ్రౌండ్‌లో ఇవాళ్టికీ బస్సులు ఆగవు. సాయంత్రమైతే బంతి చప్పుడే. ఆడపిల్లల జట్టు కూడా తయారైంది. ఇప్పుడు సైదులే మేనేజరు. అతన్ని పెట్టేటప్పుడు కూడా అనుభవం లేదని కొందరు గొణిగారు. నేను మాత్రం నోరెత్తలేదు.

కృష్ణమ్మ సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. మ్యాచ్‌కు ముందు మా జట్టుకు మాంసం ముక్క వాసన కూడా చూపించను. వచ్చిన జట్టు సంగతంటారా? మర్యాద మర్యాదే.