మాకు లేని కుక్క గురించి స్పానిష్‌లో

తలుపు అవతల ఏడు నెలల పసివాడు, పొయ్యి మీద నూనె మూకుడు. తలుపు ఇవతల వాడి అమ్మమ్మ స్పానిష్‌లో ఏడుస్తూ మొత్తుకుంటోంది. స్కూలు స్పానిష్ పరీక్షలో ఎ స్టార్, అంటే అన్నిటికన్నా పై గ్రేడు, తెచ్చుకున్న నా కూతురు ఆవిడతో, మాకు ఒక కుక్క ఉందని చెప్పింది. మాకు కుక్క లేదు. దాని చేత ఆ మాట వల్లె వేయించింది నేనే. ఇన్నేళ్ళయినా ఆ పూట గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

అసలు ఆ పరీక్ష పేరెత్తితేనే నాకు కంపరం. మాట్లాడే పరీక్షట! అడగబోయే ప్రశ్నలు ముందే చేతికిస్తారు. పిల్లలు జవాబులు రాసుకుని, బట్టీ పట్టి, రికార్డర్ ముందు కూర్చుని అప్పజెప్పి వస్తారు. ఛీ, దాన్ని మాట్లాడటం అంటారా? ఇంగ్లిష్ పిల్లలైతే ఆ మాత్రం కూడా కష్టపడరు. ప్రపంచమంతా మన భాషే మాట్లాడుతుంటే మనకీ గోల ఎందుకని వదిలేస్తారు. నా కూతురిదీ అదే ధోరణి. పుట్టింది ఇక్కడే, లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో, దాని నోటి భాష ఇంగ్లిష్. నేను మాత్రం గుంటూరు ట్యూషన్లలో పెరిగినదాన్ని. మార్కు వదులుకోవడం మా ఇంటావంటా లేదు.

ఇక్కడి మా తెలుగు తల్లుల్లో ఒక ఆనవాయితీ ఉంది. పెద్దపిల్లలకి మంచి గ్రేడు తెచ్చిపెట్టిన కాగితాలు చిన్నపిల్లల ఇళ్ళకు చేరతాయి, పొట్టయిపోయిన యూనిఫాం చేరినట్టే. బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో ఒకావిడ ఉంది, నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ కొడుకు స్పానిష్ జవాబులు స్కాన్ చేసి పంపింది.

"కామా కూడా మార్చకే తల్లీ. మావాడికి ఎ స్టార్ తెచ్చినవి ఇవే" అంది ఫోన్లో.

ఆ అబ్బాయికి ఒక అన్న ఉన్నాడు, కుక్క ఉంది. ఏటా వేసవిలో అందరూ కలిసి సముద్రం దగ్గరికి వెళతారు. అదంతా ఆ కాగితాల్లో ఉందని నా కూతురు చదివి చెప్పింది.

"మమ్, నాకు అన్న లేడు. కుక్క కూడా లేదు. నేను నా సంగతులే రాసుకుంటాను" అంది ఇంగ్లిష్‌లో.

"లేకపోతే కొంపేం మునిగింది? ఎగ్జామినర్ మనింటికొచ్చి తలలు లెక్కపెడతాడా? నోర్మూసుకుని చదువు!" అన్నాను.

రోజూ సాయంత్రం నేను చపాతీలు వత్తుతుంటే అది ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి అప్పజెప్పేది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పిండి చేత్తోనే కాగితం మీద వేలు పెట్టి, ఎక్కడ ఆగిందో అక్కడ మళ్ళీ మొదలుపెట్టించేదాన్ని. వాళ్ళ టీచర్ విడిగా ఇంకో కాగితం ఇచ్చింది. అందులో నాలుగే స్పానిష్ వాక్యాలు. నాకు అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి, మళ్ళీ చెప్పండి, చూపించండి. వాటికి మార్కులున్నాయా అని అడిగాను. లేవంది. అయితే తీసి అవతల పారెయ్యమన్నాను. పరీక్షలో కూర్చుని అర్థం కాలేదని ఎవరైనా చెప్పుకుంటారా, తెలివితక్కువతనం కాకపోతే!

ఎ స్టార్ వచ్చింది. ఇక నా గొప్పలు చూడాలి. ఆఫీసులో చెప్పాను, పుట్టినరోజు భోజనాల్లో చెప్పాను, మా డాక్టరు క్లినిక్‌లో బీపీ చూసే నర్సుక్కూడా చెప్పాను. సిగ్గులేని జన్మ.

ఆ అక్టోబరులో మా ఎదురు ఫ్లాట్‌లోకి ఒక స్పెయిన్ అమ్మాయి దిగింది. హాస్పిటల్లో నర్సు. పసివాణ్ణి చూసుకోవడానికి వాళ్ళమ్మని రప్పించుకుంది. పెద్దావిడకి ఇంగ్లిష్ అసలు రాదు. ఎదురుపడితే నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. అంతవరకే మా పరిచయం.

ఒక శనివారం పొద్దున మా తలుపు దబదబా బాదారు. తీస్తే ఆవిడ. కాళ్ళకి చెప్పుల్లేవు, మొహం పాలిపోయి ఉంది. చెత్త సంచీ బయట పెట్టడానికి వచ్చిందట, వెనకాలే తలుపు మూసుకుపోయింది. మా బిల్డింగులో తలుపు మూసుకుంటే దానంతటదే లాకు పడుతుంది. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నాకు వినబడింది గుక్కతిప్పుకోని స్పానిష్ ఒక్కటే.

ఆవిడ మాటలతో ఆగలేదు. రెండు చేతులూ కలిపి పిల్లాణ్ణి ఊపినట్టు ఊపింది. తలుపు వైపు చూపించింది. వేళ్ళు పైకి ఆడిస్తూ మంట చూపించింది. ఏ తల్లికైనా చాలు. కానీ నాకు ఆ చేతుల కంటే నా కూతురి గ్రేడు ముఖ్యమైపోయింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించేశాను.

"ఉండండమ్మా, ఉండండి. మా అమ్మాయికి స్పానిష్ వచ్చు. ఏమేవ్, ఇలా రా! ఆంటీతో మాట్లాడు!"

అది వచ్చింది. ఆవిడ దాని మీద పడి గడగడా చెప్పింది. నా కూతురు నిలువునా బిగుసుకుపోయింది. నా వంక చూసింది.

"చూస్తావేం? చెప్పవే! అన్నీ వచ్చుగా నీకు!" అని వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాను.

అది నోరు తెరిచింది. స్పానిష్ ధారగా వచ్చింది, ఎక్కడా తడబడలేదు. పాపిష్టిదాన్ని, ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది. పెద్దావిడ నోరు తెరుచుకుని వింటోంది. మళ్ళీ చేతులు ఎత్తబోయింది, నేను మళ్ళీ పట్టుకున్నాను.

అంతలో లోపల స్మోక్ అలారం మోగింది, దాని వెనకే పసివాడి ఏడుపు. ఆ చేతులు ఇందాకటి నుంచీ ఏం చెబుతున్నాయో అప్పుడు తెలిసింది. నా కూతురు ఫోన్ తీసి ఫైర్ వాళ్ళకి చేసింది. నేను అరుస్తూ మెట్లు దిగి కింది ఫ్లాట్ అతన్ని లాక్కొచ్చాను. అతను నాలుగు తన్నులు తన్నితే తలుపు ఊడింది. లోపల నల్లటి పొగ. అతనే మొహానికి కోటు అడ్డం పెట్టుకుని దూరి పిల్లాణ్ణి తెచ్చాడు. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, దగ్గి దగ్గి ఏడుపు కూడా రావడం లేదు. ఫైర్ వాళ్ళు వచ్చి మంట ఆర్పారు, అంబులెన్సు వచ్చి వాణ్ణీ అమ్మమ్మనీ తీసుకుపోయింది.

సాయంత్రానికి పిల్లాడు తేరుకున్నాడు. నర్సమ్మాయి వాణ్ణి భుజాన వేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని థాంక్స్ చెప్పింది.

"మీ అమ్మాయికి స్పానిష్ వచ్చని అమ్మ చెప్పింది. పొగకి మీ కుక్కకేమీ కాలేదు కదా, కనుక్కుని రమ్మంది" అంది ఇంగ్లిష్‌లో.

కుక్కేంటని ఒక్క క్షణం తెలియలేదు. తెలిశాక, తడుముకోకుండా నవ్వాను.

"ఏం కాలేదు. ఇవాళ మా ఫ్రెండు వాళ్ళింట్లో ఉంది" అన్నాను.

వెనక నుంచి నా కూతురు ముందుకు వచ్చింది. "మాకు కుక్క లేదు. అన్న కూడా లేడు. నాకు స్పానిష్ రాదు, మీ అమ్మగారు చెప్పింది నాకేమీ అర్థం కాలేదు. సారీ" అని ఇంగ్లిష్‌లో తిన్నగా నర్సుతో అనేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. దాని మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. నర్సుకి తెలియకూడదని తెలుగులో, పళ్ళ బిగువున, "బయటివాళ్ళ ముందు నా పరువు తీస్తావుటే?" అన్నాను.

అది చెయ్యి విడిపించుకోలేదు. నర్సు భుజం మీద నిద్రపోతున్న పిల్లాణ్ణి చూసింది. తర్వాత నన్ను చూసి, ఒక్కో మాట వెతుక్కుంటూ, తెలుగులోనే అడిగింది.

"బేబీ... చచ్చిపోతే... ఏం చేస్తావ్, అమ్మా?"

పదహారేళ్ళలో అది నాతో తనంతట తాను తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి.