మనుషులున్నట్టు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఖాళీ ఇళ్ళలో లైట్లు వేయడానికి వెళ్ళినప్పుడు, అక్కడ లేనివాళ్ళతో నేను మాట్లాడేదాన్ని.

కర్నూలు బయట, హైవే దాటాక, మా అమ్మ పేరు మీద ప్రభుత్వం ఇల్లిచ్చింది. మా వరుసలో ఇళ్ళన్నీ కట్టి ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. కూలికీ పాచిపనికీ పోయేవాళ్ళు అంత దూరంలో ఉండి ఏం చేస్తారు? ఊళ్ళోనే అద్దెగదుల్లో ఉండిపోయారు. కాపురం లేరని తెలిస్తే పట్టా పోతుందని వాళ్ళ భయం. అందుకని తాళాలు నాకిచ్చారు. సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి బల్బు వేయాలి, దండెం మీది పాత చీర మార్చాలి, గడప ముందు నీళ్ళు చల్లాలి. తనిఖీకి వచ్చినవాళ్ళకు సంసారం కనపడాలి.

డిగ్రీ అయ్యాక నాకు పాతబస్టాండు దగ్గర బట్టల అంగట్లో పని దొరికింది. అంగడి మూసే వేళకు మా కాలనీకి ఆటో ఉండదు. వదులుకున్నాను.

తలుపు తీసే ముందు "అక్కా, వచ్చినా" అనడం అలవాటైంది. ఊరికే తోసుకుపోతే లోపల ఎవరో ఉలిక్కిపడతారనిపించేది. వంటవాసన ఎన్నడూ తగలని గోడలు. నా మాటే కాస్త ఆలస్యంగా నా దగ్గరికి తిరిగొచ్చేది.

ఒక సాయంత్రం "అన్నం తింటివా అక్కా?" అన్నాను.

"ఇంగా ల్యా పాపా!"

తాళాలు పారేసి వీధిలోకి ఉరికాను. వెనక నవ్వు. వరుస చివర ఒంటరిగా ఉండే అవ్వ. మేం కాక అక్కడ నిజంగా ఉన్నది ఆమె ఒక్కతే. ఆ ఇంటి పెరట్లో పుల్లలేరుకుంటూ కిటికీలోంచి జవాబు చెప్పింది.

"దయ్యమనుకుంటివా? దయ్యాలు గూడా ఈడికి రావు. ఆటో యాడుండాది వాటికి?"

ఖాళీ ఇళ్ళతో నేను మాట్లాడే సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ మాట్లాడటం మానలేదు.

అమ్మది హోటల్లో ఉగ్గాని చేసే పని. తెల్లవారకముందే బొరుగులు నానబెట్టి పిండాలి. ఇంతకుముందు ఊళ్ళో ఉన్నప్పుడు సందు దాటితే హోటలు. ఇప్పుడు ఆటో నిండితేగానీ కదలదు. ఆ చీకట్లో ఎక్కేది అమ్మ ఒక్కతే. హైవే దాకా నడిచి, పాలవ్యాను ఆపితే ఎక్కేది. ఆపకపోతే ఆలస్యం.

చివరికి హోటలాయన ఫోన్ చేశాడు.

"ఏమక్కా, మీ కాలనీలో కోడి గూడా కుయ్యదా?"

"కోడికంటే ముందే లేస్తాండా అన్నా. రోడ్డు మీదికొచ్చేలోపల తెల్లారతాంది."

ఆయన నవ్వలేదు. "సోమవారం నుంచి ఇంగొకామెను పెట్టుకుంటాండా. నువ్వు ఊర్లోకి వచ్చేస్తే చెప్పు, పని నీదే."

అమ్మ చాలాసేపు గడప మీద కూర్చుంది. పట్టా చేతికొచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచిన మనిషి. మరునాడు పాత సందులోనే గది చూసుకొచ్చింది.

సామాను ఎక్కించాక తాళాల గుత్తి అవ్వకిచ్చాను. అందులో ఇప్పుడు మా ఇంటిది కూడా ఉంది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. ఆదివారాలు అటు ఆటోలే పోవు. వానలు తగ్గాక అవ్వ చనిపోయిందని పాలవ్యాను అతను అమ్మకు చెప్పాడు.

మేం వచ్చేసిన రోజు, ఆటో కమ్మీ పట్టుకుని అవ్వ నాతో అంది:

"ఆదివారమన్నా రా పాపా. అన్ని ఇండ్లలో లైట్లుంటే నాది యాదో ఎట్ల తెలుస్తాదని అనుకోవాకు. కేకెయ్యి, పలుకుతా."